ఎన్ని కుట్లు పడినాయమ్మా?

కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా కాన్పులు చేస్తున్నాను. ఆపరేషన్ అయిన మరుసటి రోజు పొద్దున వార్డుకు వెళితే, బాలింతను చూడటానికి వచ్చినవాళ్లు బిడ్డ బరువు అడిగాక అడిగే రెండో ప్రశ్న ఇదే. తొమ్మిది అంటే పెద్ద ఆపరేషన్, ఐదు అంటే చిన్నది అని వాళ్ల లెక్క. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ ఎక్కువ భాగం కుట్ల గురించే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. దేశం మొత్తం మీద చూస్తే అది 21.5 శాతమే. అంటే ఇంటికొకరైనా ఈ కుట్లు చూసినవాళ్లే. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 24 ఏళ్లు. నెల కిందట ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. నల్ల దారంతో ఎనిమిది కుట్లు వేసి, ఎనిమిదో రోజు విప్పారు. మచ్చకు రెండు పక్కలా చుక్కలు చుక్కలుగా గుర్తులున్నాయి. మా తోడికోడలికి ప్రైవేటులో చేశారు. ఆమెకు సన్నటి గీత తప్ప ఏమీ లేదు, కుట్లు విప్పే పనే పడలేదు. "నీకు నాసిరకం కుట్టు వేసినారు, బరువు ఎత్తితే విడిపోతుంది" అంటోంది మా అత్త. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: మీ అత్తగారు చూసింది చర్మం మీది కుట్టు తల్లీ. పొట్టను పట్టి ఉంచేది అది కాదు. లోపల ఏం జరిగిందో తెలిస్తే మీ భయం తగ్గుతుంది కాబట్టి, బిడ్డనూ మాయనూ తీశాక నేను ఏ వరుసలో మూసుకుంటూ వస్తానో చెబుతాను. మీ డాక్టరు చేసిందీ దాదాపు ఇదే అయి ఉంటుంది.

మొదట గర్భసంచి. దాని కింది భాగంలో అడ్డంగా కోసిన కోతకు రెండు మూలలుంటాయి. ఒక మూల నుంచి రెండో మూల దాకా ఒకే దారంతో, మధ్యలో ఎక్కడా తెంచకుండా కుట్టుకుంటూ పోతాం. ఇప్పుడు అందరం ఎక్కువగా వాడేది విక్రిల్ అనే ఊదారంగు దారం. అది మూడు వారాలకు దాదాపు సగం బలం కోల్పోతుంది, ఎనిమిది నుంచి పది వారాల్లో పూర్తిగా కరిగిపోతుంది. అప్పటికి గర్భసంచి తనంతట తానే అతుక్కుని ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో దీని బదులు క్యాట్‌గట్ ఉండేది. గొర్రెల, పశువుల పేగుల నుంచి తయారుచేసిన దారం అది, స్పిరిట్ లాంటి ద్రవంలో నానుతూ రేకు పొట్లంలో వచ్చేది. దానితో కుట్టించుకున్న వేలమంది తల్లులు ఈ రోజు మనవళ్లను ఎత్తుకుంటున్నారు.

కుట్టడం అయ్యాక ఎక్కడైనా రక్తం ఊరుతోందా అని చూస్తాం. ఊరుతున్న చోట మరో కుట్టు పడుతుంది. ఆ తర్వాత సిస్టర్ మాపులనూ (రక్తం అద్దే గుడ్డలు) సూదులనూ పైకి లెక్కపెడుతుంది. మొదలుపెట్టినప్పటి లెక్కా ఇప్పటి లెక్కా సరిపోయిందని ఆమె చెప్పేదాకా నేను పొట్ట మూయను. రాత్రి రెండు గంటలైనా సరే, బయట ఇంకో కేసు నొప్పులతో అరుస్తున్నా సరే.

పేగుల మీద ఉండే పల్చటి పొరను పెరిటోనియం అంటారు. పూర్వం దాన్నీ జాగ్రత్తగా కుట్టేవాళ్లం. అది కుట్టకపోయినా కొద్ది రోజుల్లో తనంతట తాను కప్పుకుంటుందని తెలిశాక చాలామంది వదిలేస్తున్నారు. కుట్టినా తప్పు లేదు. పొట్ట కండరాలను అడ్డంగా కోసేస్తారని చాలామంది అనుకుంటారు. మామూలుగా చేసే అడ్డకోతలో వాటిని కోయం, మధ్యలో విడదీసి పక్కలకు జరుపుతాం, పని అయ్యాక అవి వాటి చోటికి వస్తాయి.

ఇక అసలైన పొర. కండరాల మీద తెల్లగా, గట్టిగా, నేతగుడ్డలా మెరిసే పొర ఒకటుంటుంది. రెక్టస్ షీత్ అంటాం. మీరు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిందె ఎత్తినప్పుడు పొట్ట లోపలి ఒత్తిడినంతా కాసుకునేది ఇదే. అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఒక సెంటీమీటరు దూరంతో, నిదానంగా కరిగే దారంతో దీన్ని కుడతాం. పక్కన పీజీ అమ్మాయి ఉంటే నేను తొందరపెట్టకుండా చూసేది ఈ పొర దగ్గరే. ఇది సరిగా పడకపోతే తర్వాత హెర్నియా వస్తుంది. దీని మీద కొవ్వు రెండు సెంటీమీటర్ల కంటే మందంగా ఉంటే దానికీ కుట్లు వేయాలి. వేయకపోతే మధ్యలో ఖాళీ మిగిలి అక్కడ నీరు చేరుతుంది. కొవ్వు పల్చగా ఉంటే ఆ కుట్టుతో పనిలేదు.

చివరికి చర్మం. మీకు వేసినవి నైలాన్ దారంతో విడివిడిగా వేసే మాట్రెస్ కుట్లు. మీ తోడికోడలికి వేసింది చర్మం అంచు లోపలే పాముతూ పోయే కరిగే కుట్టు. చూడటానికి రెండోది బాగుంటుంది, విప్పేందుకు మళ్లీ ఆసుపత్రికి రావాల్సిన పని ఉండదు. విడివిడి కుట్లకూ ఒక లాభం ఉంది. ఎక్కడైనా చీము పడితే ఆ ఒక్క కుట్టు విప్పి కార్చేయవచ్చు, మిగతావి అలాగే ఉంటాయి. ఉమ్మనీరు పోయాక చాలాసేపు నొప్పులు పడి వచ్చిన తల్లికి నేను ఇప్పటికీ ఒక్కోసారి నల్ల దారమే వేస్తాను. మీ చుక్కలు ఏడాదిలో చాలావరకు మసకబారతాయి.

అయితే బరువు విషయంలో మీ అత్తగారి మాట వినండి. కోసిన కణజాలానికి మూడు వారాలకు వచ్చే బలం మొదట ఉన్నదానిలో ఐదో వంతు మాత్రమే. మూడు నెలలకు కూడా నూటికి ఎనభై వంతులకు మించి రాదు. ఇది మీకూ మీ తోడికోడలికీ ఒకటే. ఆరు వారాలు నీళ్ల బిందె ఇంకొకరిని ఎత్తనివ్వండి. పాపను ఎత్తుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, మా బాబుకు 14 నెలలు, ఆపరేషన్‌తోనే పుట్టాడు. నా భార్యకు ఇప్పుడు మళ్లీ రెండో నెల. ఇంత తొందరగా గర్భం వస్తే లోపలి కుట్టు పగిలిపోతుందని అందరూ భయపెడుతున్నారు. ఒక వరుస కుట్టు వేశారా, రెండు వరుసలు వేశారా అని ఒక డాక్టరు అడిగారు. మాకు తెలియదు. బయట మచ్చ మాత్రం అడ్డంగానే ఉంది. ఈసారి నార్మల్‌కు ప్రయత్నించవచ్చా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నాయనా, మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపిన మాట "బయట మచ్చ అడ్డంగానే ఉంది" అన్నది. చర్మం మీద మచ్చ చూసి గర్భసంచి మీద ఏ కోత ఉందో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

1990ల చివర్లో ఒక రాత్రి పత్తికొండ వైపు పల్లె నుంచి జీపులో ఒక తల్లిని తీసుకొచ్చారు. రెండో కాన్పు, ఇంటి దగ్గరే ఆరు గంటలు నొప్పులు పడింది. బయట మచ్చ అడ్డంగా, చక్కగా ఉంది. మొదటి ఆపరేషన్ కాగితాలు ఏవమ్మా అంటే, ఇల్లు మారినప్పుడు పోయాయన్నారు. పొట్ట తెరిచి చూస్తే పాత కోత గర్భసంచి మీద నిలువుగా, పైభాగం దాకా ఉంది. మొదటి బిడ్డ నెలలు నిండకుండా, అడ్డం తిరిగి ఉంటే అలా కోయక తప్పలేదు కాబోలు. ఆ మచ్చ అప్పటికే విచ్చుకుపోయింది. తల్లిని రక్తం ఎక్కించి బతికించగలిగాం, బిడ్డ దక్కలేదు. ఆ ఒక్క కాగితం ఉండి ఉంటే, నొప్పులు మొదలుకాక ముందే ఆమె ఆసుపత్రి మంచం మీద ఉండేది. అప్పటి నుంచి నేను డిశ్చార్జి కాగితంలో గర్భసంచి మీద ఏ కోత, ఎన్ని వరుసలు, మళ్లీ నార్మల్‌కు ప్రయత్నించవచ్చా కూడదా అని తెలుగులోనే రాసి పంపుతున్నాను, ఇప్పుడైతే ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోమని చెబుతున్నాను.

మీరు రేపే వెళ్లి ఆపరేషన్ చేసిన చోట ఆ వివరాలు అడగండి. కేసు షీటులో ఉంటాయి, అడిగే హక్కు మీకుంది.

కింది భాగంలో అడ్డకోత ఒక్కసారే పడిన వాళ్లు నార్మల్‌కు ప్రయత్నిస్తే, మచ్చ విచ్చుకునే ప్రమాదం సుమారుగా 200 మందిలో ఒకరికి. పైభాగంలో నిలువు కోత ఉంటే అది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉండవచ్చు. అలాంటి వాళ్లను నొప్పుల దాకా రానివ్వం. ఇక ఎడం సంగతి. ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ మధ్య 18, 19 నెలల కంటే తక్కువైతే ప్రమాదం పెరుగుతుంది. మీ లెక్క చూస్తే, మీ భార్య కాన్పు నాటికి బాబుకు 21 నెలలు నిండుతాయి. ఇంకొంచెం ఎడం ఉండి ఉంటే ఆమె ఒంటికి బాగుండేది. కానీ కేవలం దీనికే ఆశ వదులుకోనక్కర్లేదు. మొదటిసారి ఆపరేషన్ ఎందుకు చేశారన్నది, ఈ బిడ్డ బరువు, ఎదురుకాళ్లా కాదా అన్నవి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ప్రయత్నించేది మాత్రం రాత్రి పగలు ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రిలోనే. మొదటి నొప్పికే చేరాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర తగ్గని నొప్పి ఉంటే, రక్తం కనిపిస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

ఒక వరుసా, రెండు వరుసలా అన్నది మా డాక్టర్ల మధ్య చాలా ఏళ్లుగా నలుగుతున్న మాట. అసలు గర్భసంచిని కుట్టడమే పాత పద్ధతి కాదు. 1882 దాకా చాలామంది వైద్యులు దాన్ని కుట్టకుండానే వదిలేసేవాళ్లు, కండరం కాబట్టి దానంతట అదే ముడుచుకుంటుందని. తల్లులు రక్తం పోయి, చీము పట్టి చనిపోయేవాళ్లు. 1876లో ఇటలీలో పోర్రో అనే వైద్యుడు ప్రాణం కాపాడటానికి గర్భసంచినే తీసేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆరేళ్లకు జర్మనీలో మాక్స్ శాంగర్ దాన్ని పొరలుగా కుట్టి తీరాలని వాదించాడు. వెండి తీగా పట్టుదారమూ వాడారు అప్పట్లో. ఎంబీబీఎస్‌లో ఈ పాఠం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఎంతమంది తల్లులు పోయి ఉంటారో అనుకున్నాను.

కరోనిస్ అనే పెద్ద పరిశోధన మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో, 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగింది. ఒక వరుస, రెండు వరుసలు, క్యాట్‌గట్, విక్రిల్, పెరిటోనియం కుట్టడం, వదిలేయడం, అన్నీ పోల్చారు. 2013లో మొదటి ఫలితాలు, 2016లో మూడేళ్ల తర్వాతి ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఒక వరుసే వేశారని తెలిసినా కంగారు పడకండి. నేనైతే ఇంకో బిడ్డ కావాలనుకునే తల్లికి రెండు వరుసలు వేస్తాను. మచ్చ విచ్చుకోవడం చాలా అరుదు, అంత అరుదైన దాని సంగతి తేల్చడానికి 15 వేల మంది కూడా చాలకపోవచ్చని నా అభిప్రాయం. కుట్టు కుట్టుకూ మెలిక వేసి బిగించే లాకింగ్ పద్ధతిని మాత్రం రక్తం ఆగకపోతే తప్ప వాడను. అది అంచులకు రక్తం అందకుండా చేస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా పాపకు ఆపరేషన్ కాన్పయి పది రోజులు. కుట్టుకు ఎడమ మూల నుంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. పప్పు పెట్టినందుకే చీము పట్టిందని మా అమ్మ తిడుతోంది. అందుకని ఇప్పుడు వెల్లుల్లి కారం, అన్నం మాత్రమే పెడుతున్నాం. నీళ్లు కూడా తక్కువే ఇస్తున్నాం. కుట్టు మీద పసుపు పెట్టాం. బెల్టు కడితే మూసుకుంటుందా?
— ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే పత్రికవాళ్ల చేత మీకు ఫోన్ చేయించాను, మీరు పాపను ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసి ఊరట కలిగింది. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

కొద్దిగా పల్చటి నీరు ఊరడం చాలాసార్లు ప్రమాదం కాదు, కొవ్వు పొరలో చేరిన నీరు దారి చూసుకుని బయటికి వస్తుంది. కానీ అది ఏదో చూసి చెప్పాల్సింది డాక్టరే. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, వాసన వచ్చినా, జ్వరం 100.4 దాటినా ఆ రోజే వెళ్లాలి. లేత ఎరుపు నీళ్లు ఒక్కసారిగా గుడ్డ తడిసేంత వస్తే గంట కూడా ఆగొద్దు. లోపలి షీత్ విడిపోతోందని అది చెప్పే గుర్తు కావచ్చు.

కుట్టు ఎందుకు పాడవుతుంది? షుగరు, రక్తహీనత, లావు, ఎక్కువసేపు సాగిన నొప్పులు కారణం కావచ్చు. కొన్నిసార్లు తప్పు మాది. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇవ్వకపోవచ్చు, కుట్టు సరిగా పడకపోవచ్చు. ఒక తప్పు నాదీ ఉంది. మా అమ్మ బొంతలు కుట్టేది. దారం లాగి బిగిస్తేనే బొంత పదేళ్లు మన్నుతుందనేది. పీజీ మొదటి ఏడాదిలో నా చేతులకు తెలిసిన కుట్టు అదే. పత్తి చేలో కూలికి పోయే ఒక అమ్మాయికి చర్మం కుట్లు బాగా బిగించాను, గట్టిగా ఉండాలని. మూడో రోజుకు అంచులు తెల్లబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆరో రోజు విచ్చుకుపోయాయి. మూడు వారాలు ఆమె డ్రెస్సింగులతో వార్డులోనే ఉంది. పసిబిడ్డను పక్కలో వేసుకుని, నన్ను ఒక్క మాట అనలేదు. మా మేడమ్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది ఒకటే: కుట్టు అంచుల్ని కలపాలి, గొంతు నులమకూడదు. గుడ్డకు రక్తం అక్కర్లేదు, చర్మానికి కావాలి. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు. గాయం మానడానికి శరీరం కొత్త కణజాలాన్ని అల్లుకోవాలి, అందుకు మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగ, తినేవాళ్లయితే మాంసం, చేపలు పెట్టండి. ఆకుకూర పెట్టండి. నీళ్లు తగ్గించవద్దు. మే నెల ఎండలో మన అనంతపురం వైపు బాలింతకు నీళ్లు ఆపితే పాలు ఇచ్చే ఒళ్లు ఎండిపోతుంది, మలబద్ధకం వచ్చి ముక్కితే కుట్టు మీదే భారం పడుతుంది. మీ అమ్మగారిని తిట్టవద్దు. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది, ప్రేమతోనే చెప్పింది. ఈ పేజీ చదివి వినిపించండి.

పసుపు, పౌడరు, బూడిద, ఏదీ కుట్టు మీద వేయవద్దు. మొదటి రెండు రోజులు కట్టు విప్పకుండా ఉంటే చాలు, తర్వాత సబ్బుతో మామూలుగా స్నానం చేయవచ్చు. కాగే నీళ్లు చెంబులతో పొట్ట మీద గుమ్మరించడం మాత్రం వద్దు. పొట్ట మడత కింద చెమట చేరుతుంది కాబట్టి మెత్తటి ఉతికిన గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. బెల్టు కుట్టును పట్టి ఉంచదు. లేచి నడవటానికి ధైర్యంగా ఉందంటే కట్టుకోవచ్చు, నీరు కారుతున్నప్పుడు వద్దు, గాలి ఆడదు. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండు పొట్టకు అదిమి పట్టుకుంటే నొప్పి చాలా తగ్గుతుంది.

ప్రశ్న: కుట్లకు బదులు పిన్నులు కొడతారట, గ్లూ కూడా ఉందట. గ్లూకు డబ్బు ఎక్కువ అడుగుతున్నారు. అదే మంచిదా?
— ఒక గర్భిణి, కడప

జవాబు: పిన్నులూ గ్లూ చర్మానికే, లోపలి పొరలకు కాదు. పిన్నులతో పని తొందరగా అవుతుంది, కానీ కరిగే కుట్టుతో పోలిస్తే గాయం విడిపోవడం పిన్నుల్లోనే ఎక్కువని పరిశోధనల్లో తేలింది. నేను కొట్టను. గ్లూ కొన్ని రోజులకు పొలుసులా రాలిపోతుంది, బాగానే పనిచేస్తుంది. అప్పు చేసి వేయించుకునేంత తేడా దానిలో లేదు. ఆ డబ్బుతో ఐరన్ మాత్రలు మానకుండా వాడి, కాన్పు నాటికి రక్తం 11 గ్రాములకు తెచ్చుకోండి.

ప్రశ్న: ఆపరేషన్ అయి మూడేళ్లు. మచ్చ పైన చేయి పెడితే స్పర్శ తెలియదు. అది పోతే పోనీ, మచ్చ కుడి చివర చిన్న గడ్డ ఉంది, నెలసరి వచ్చినప్పుడల్లా వాచి నొప్పి పెడుతుంది, తర్వాత తగ్గిపోతుంది. కుట్టు దారం లోపలే ఉండిపోయిందా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: స్పర్శ లేకపోవడం చర్మపు సన్నటి నరాలు తెగడం వల్ల. చాలామందికి నెలల్లో కొంత తిరిగి వస్తుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది, భయం లేదు. గడ్డ సంగతి అలా వదిలేయకండి. దారం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. నెలసరితో పాటు వాచి, నెలసరితో పాటు తగ్గే గడ్డ అంటే, గర్భసంచి లోపలి పొర కణాలు ఆపరేషన్ సమయంలో మచ్చలోకి చేరి అక్కడే పెరుగుతున్నాయేమోనని ముందు అనుమానించాలి. ఎండోమెట్రియోసిస్ అంటాం. క్యాన్సరు కాదు. స్కానింగ్ చేసి చూస్తారు, చుట్టూ కొంచెం మంచి కణజాలంతో సహా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. తీసిన ముక్కను తప్పకుండా పరీక్షకు పంపమని అడగండి. వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి. నొప్పి వచ్చిన తేదీలు, నెలసరి తేదీలు పక్కపక్కన రెండు మూడు నెలలవి రాసుకుని తీసుకెళ్లండి. ఆ రెండు వరుసలు చూస్తే మీ డాక్టరుకు సగం జవాబు దొరుకుతుంది.